నల్లంచి రెక్క మీద ఎర్రచుక్క

మా మావయ్యకు పుస్తకమంటే అట్ట, దారం, జిగురు. లోపల ఏం రాసి ఉందో ఆయనకు అనవసరం. పబ్లిక్ లైబ్రరీలో ముప్ఫై నాలుగేళ్ళు బైండరుగా పనిచేసి, వేలకొద్దీ పుస్తకాలకు ఊపిరి పోసి, వాటిలో ఒక్కటి తప్ప ఏదీ పూర్తిగా చదవని మహానుభావుడు. ఎవరైనా ఎత్తిపొడిస్తే, "దర్జీ తను కుట్టిన ప్రతి చొక్కా తొడుక్కుని తిరుగుతాడా?" అనేవాడు. అక్కడికి తనేదో గొప్ప మాట అన్నట్టు మీసం కింద నవ్వుకునేవాడు కూడా. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది, అంతలోనే కళ్ళు తడుస్తాయి.

బైండింగు గది లైబ్రరీ వెనక వైపు ఉండేది. గోడ పొడుగునా ఒక బల్ల, మూలన చక్రం తిప్పి బిగించే ఇనప ప్రెస్సు, కిటికీ పక్కన మావయ్య స్టూలు. గదంతా పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసన. మా అమ్మకు ఆ వాసన పడేది కాదు. ఆయన ఇంటికి రాగానే చొక్కా పెరట్లోనే విప్పించేది. నాకు మాత్రం ఎక్కడైనా పిండి ఉడుకుతున్న వాసన తగిలితే ఇప్పటికీ కాళ్ళు ఆగిపోతాయి. డిగ్రీ చదివిన మూడేళ్ళూ, మాది పొద్దుటి షిఫ్టు కాబట్టి, పదింటికి కాలేజీ అవగానే నేరుగా ఆ గదికే వెళ్ళేదాన్ని. బల్ల చివర నా పుస్తకాలు పరుచుకునేదాన్ని. ఆయన దబ్బనంతో కాగితాల కట్టలకు బెజ్జాలు పొడుస్తుంటే వచ్చే టిక్కు టిక్కు చప్పుడులో చదువుకున్నంత హాయిగా నేను మళ్ళీ ఎక్కడా చదువుకోలేదు.

మా నాన్న పోయాక అమ్మనూ నన్నూ తన ఇంటికి తెచ్చుకున్నది మావయ్యే. అప్పటికి ఆయనకు ముప్ఫై నాలుగు. సంబంధాలు వచ్చేవి. "ముందు దీని చదువు కానివ్వక్కా" అని నన్ను చూపించి ప్రతిసారీ తప్పించుకునేవాడు. అలా నన్ను అడ్డం పెట్టుకుని నలభై ఏడుకు వచ్చాడు. జరిగినదాంట్లో నా వంతు కూడా కొంత ఉందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

కిటికీ బయట చిన్న తోట. రెండు నిమ్మచెట్లు, ఎవరూ కత్తిరించని పొదలు, ఒక నీళ్ళ ట్యాంకు, అంతే. ఏ పాత పుస్తకం చేతికొచ్చినా మావయ్య ముందు దాన్ని కిటికీ గట్టు మీద దులిపేవాడు. కాగితాల మధ్య కాపురమున్న పురుగులు జలజలా రాలేవి. వాటికోసం ఒక నల్లంచి వచ్చేది. పేరు తెలియకపోయినా మీరు దాన్ని చూసే ఉంటారు. పైనంతా నలుపు, పొట్ట తెలుపు, ఒక్కో రెక్క మీద ఒక్కో తెల్లటి పట్టీ, తోక ఎప్పుడూ నిటారుగా లేపి ఉంచే పొగరుబోతు పిట్ట. ఎండాకాలం దగ్గరపడేసరికి ట్యాంకు మీదెక్కి పొద్దున్నే పాట అందుకునేది. ఆ పాట అయ్యేదాకా మావయ్య ప్రెస్సు చక్రం తిప్పేవాడు కాదు, కీచుమంటుందని.

ఎండాకాలం అయిపోయాక పాట ఆగిపోయేది. కొన్ని వారాలపాటు పిట్టే కనపడేది కాదు. ఆ తర్వాత ఎప్పుడో ఒక నల్లంచి నోరు మెదపకుండా పొదల కిందనుంచి వచ్చి, పురుగులు ఏరుకుని వెళ్ళిపోయేది. అది పాత పిట్టేనా, కొత్తదా? ఈ ప్రశ్న మీద లైబ్రరీలో రెండు పక్షాలు తయారయ్యాయి.

"పోతుందండీ, ఖాయంగా పోతుంది. వసారాలో గూళ్ళు కట్టే ఆ చిన్న పిట్టలు చూడండి, పిల్లలకు రెక్కలు రాగానే దేశాలు పట్టి పోవట్లేదూ? ఇదీ అంతే. తర్వాత వచ్చేది వేరే పిట్ట" అనేవాడు మావయ్య. వాచ్‌మన్ కూడా ఆయన పక్షమే. నల్లంచి సముద్రాలు దాటి వెళ్తుందని కళ్ళారా చూసినట్టు చెప్పేవాడు. సముద్రం మాత్రం ఆయన జన్మలో చూడలేదు.

"ఎక్కడికీ పోదు బైండరు గారూ. ఇక్కడే ఉంటుంది. పాడటం మానేస్తుందంతే" అనేది అవతలి పక్షం. అవతలి పక్షమంటే ఒకే ఒక్క మనిషి, రీడింగ్ హాలు చూసే లైబ్రేరియన్.

ఆవిడని అందరూ చాటుగా 'ష్ మేడం' అనేవాళ్ళు. పెదవుల మీద వేలు పెట్టిందంటే పేపర్లు మడతపెట్టే చప్పుడు కూడా ఆగిపోయేది. నలభై దాటింది, పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అంత గట్టి మనిషి రోజూ పదకొండు గంటలకు చిరిగిన పుస్తకం ఒకటి పట్టుకుని బైండింగు గదికి తనే వచ్చేది. అటెండరు చేత పంపొచ్చు, పంపేది కాదు. ఒక్కోసారి ఆ పుస్తకంలో చిరుగు ఎక్కడుందో వెతకాల్సి వచ్చేది. మావయ్య అటూ ఇటూ తిప్పి, "బాగానే ఉంది కదండీ" అనేవాడు. "ఇంకోసారి చూడండి" అని ఆవిడ ఇంకాసేపు నిలబడేది. లైబ్రరీలో పనిచేసే అందరికీ అర్థమైన సంగతి ఈయనకు అర్థం కాలేదు. లేదా అర్థమై భయపడ్డాడు.

నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా, ఎండలు ముదరకముందు ఒక పూట, నల్లంచి పురుగు వెంటపడి సరాసరి గదిలోకి దూసుకొచ్చింది. బయటికి పోబోయి కిటికీ అద్దానికి కొట్టుకుని బల్ల మీద పడింది. సరిగ్గా అప్పుడే మేడం వచ్చింది.

"అయ్యో, బతికే ఉందా?"

"స్పృహ తప్పిందంతే. గుండె చూడండి, ఎలా కొట్టుకుంటోందో" అని మావయ్య పిట్టను తీసి ఆవిడ దోసిట్లో పెట్టాడు. పెట్టిన చేయి వెంటనే వెనక్కి తీసుకోలేదు. పిట్ట గుండె సంగతి నేను చూడలేదు కానీ మావయ్య చెవులు ఎర్రబడటం మాత్రం చూశాను.

"దీనికొక గుర్తు పెట్టండి. మీ మాట నిజమో నా మాట నిజమో తేలిపోతుంది" అంది మేడం.

మావయ్య పుస్తకాల అంచులకు వేసే ఎర్రరంగు గిన్నె దగ్గరకు లాక్కున్నాడు. సన్న కుంచెతో పిట్ట కుడిరెక్క మీది తెల్లపట్టీకి ఒక చుక్క పెట్టాడు. ఆ రంగంటే ఆయనకు ఎక్కడలేని గర్వం. "ఇది నేను స్వయంగా కాచే రంగు మేడం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వేసిన అంచులు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. చుక్క ఉంటే అదే పిట్ట. లేకపోతే వేరే పిట్ట. ఇందులో రెండో మాట లేదు."

"నేను గెలిస్తే ఏమిస్తారు?"

మావయ్య బుర్ర గోక్కున్నాడు. "మీ సొంత పుస్తకాలన్నీ బైండు చేసిపెడతాను."

"అంతేనా?" అని ఆవిడ నవ్వింది. పిట్ట కళ్ళు తెరిచి, ఆవిడ వేలు ఒకటి పొడిచి, కిటికీలోంచి ఎగిరిపోయింది.

ఆ తర్వాతి మూడు నెలలంత సంతోషంగా మావయ్యను నేను అంతకుముందు చూడలేదు. ఎర్రచుక్క పెట్టుకుని పిట్ట ట్యాంకు మీద పాడుతుంటే, మేడం పదకొండింటి దాకా ఆగకుండా పదిన్నరకే వచ్చేది. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి వినేవాళ్ళు. నేను పుస్తకంలో తల దూర్చి, ఒక్క అక్షరం చదవకుండా, వాళ్ళనే చూస్తూ కూర్చునేదాన్ని.

తర్వాత పాట ఆగింది. పిట్ట మాయమైంది. ఆ నెలలోనే మేడంకి ప్రమోషన్ మీద బదిలీ ఉత్తర్వు వచ్చింది. బస్సులో అయిదు గంటల దూరంలో ఉన్న ఊరు. వద్దనుకుంటే నెలాఖరులోగా కాగితం రాసివ్వాలి. ఆవిడ ఉత్తర్వు తెచ్చి మావయ్య ముందు జిగురు గిన్నె పక్కన పెట్టింది.

"ఏం చేయమంటారు?"

మావయ్య అట్టలు తప్ప ఏమీ చదవనివాడు ఆ కాగితం మూడుసార్లు చదివాడు. "మంచిదే కదండీ" అన్నాడు.

"నాకు వెళ్ళాలని లేదు. కానీ ఉండిపోవడానికి ఏదో ఒక కారణం కావాలి కదా" అని ఆవిడ ఆయన ముఖంలోకే చూసింది.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "ముందు ఆ పిట్ట సంగతి తేలనివ్వండి" అన్నాడు. అంత పిరికి మాట నేను మళ్ళీ వినలేదు.

"సరే. పిట్ట ఇక్కడే ఉంటే నేనూ ఉంటాను" అంది మేడం నవ్వుతూనే. పైకి నవ్వింది కానీ కళ్ళల్లో నవ్వు లేదు.

ఇక మావయ్యకు కుదురు లేదు. ఏడింటికే వెళ్ళి గది తెరిచేవాడు. దులిపిన పుస్తకాలే మళ్ళీ దులిపేవాడు. మిగిలిన పురుగుల్ని గట్టు మీద కుప్ప పోసి, కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగేవాడు. ఇరవై ఆరో తారీఖున, నేను గదిలో ఉండగానే, పొదల కిందనుంచి నల్లంచి వచ్చింది. నల్లగా నిగనిగలాడుతోంది. గట్టు మీద కూర్చుని కుడిరెక్క విప్పి ముక్కుతో సర్దుకుంది. తెల్లపట్టీ పాలలా ఉంది. చుక్క లేదు. మేడం అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

అబద్ధమాడితే పోయేది. "ఉందండీ చుక్క, ఇప్పుడే చూశాను" అని ఉంటే ఏ దేవుడూ శిక్షించేవాడు కాదు. అబద్ధమాడు మావయ్యా అని నేను మనసులో అరుస్తూనే ఉన్నాను.

"చుక్క లేదు మేడం" అన్నాడు.

"సరిగ్గా చూశారా?"

"రెండు రెక్కలూ చూశాను. ఇది అది కాదు. అది వెళ్ళిపోయింది."

"రంగు పోయి ఉండొచ్చుగా?"

"నా రంగు పోదండీ."

ఆవిడ చాలాసేపు ఆయన్నే చూసింది. "ఇంకేమీ చెప్పేది లేదా?" అని అడిగింది.

"ఏముంటుందండీ" అన్నాడు మావయ్య, కుంచె తుడుచుకుంటూ.

"అవునులెండి" అని ఆవిడ వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నమే బదిలీకి ఒప్పుకుంటూ సంతకం పెట్టిందని అటెండరు చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంట్లో నేను మావయ్య మీద విరుచుకుపడ్డాను. "ఉండమని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయింది?"

"ఆవిడ చదువెక్కడ, నా చదువెక్కడ? ప్రమోషన్ వదులుకోమని ఏ ముఖం పెట్టుకుని అడగను? పిట్ట ఉండుంటే అది వేరు."

"పిట్టకూ దీనికీ ఏంటి సంబంధం?"

ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు. అమ్మ నన్ను తిట్టింది, తర్వాత ఆయన్ని తిట్టింది, తర్వాత వంటింట్లోకి వెళ్ళి ముక్కు చీదుకుంది.

పందెం తనే గెలిచినా, మావయ్య ఆవిడ సొంత పుస్తకాలు పదిహేడూ తెప్పించుకుని నాలుగు రోజుల్లో బైండు చేసి పంపాడు. బస్టాండుకు మాత్రం రాలేదు. నేను వెళ్ళాను. "మీ మావయ్య రాలేదా?" అని అడిగింది మేడం. పని ఉందన్నాడని చెప్పాను. "ఉంటుంది" అంది. బస్సు కదిలేదాకా నా చేయి వదల్లేదు.

పదకొండేళ్ళు గడిచాయి. నాకు ఉద్యోగం వచ్చింది, ఉన్న ఊళ్ళోనే పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఆయన పెళ్ళికి నేను అడ్డం అనే వంక ఎప్పుడో పోయింది, అయినా ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మావయ్య రోజూ డ్యూటీకి వెళ్ళేవాడు, గట్టు మీద పుస్తకాలు దులిపేవాడు. పుస్తకాల అంచులకు ఆకుపచ్చ రంగు వేయడం మొదలుపెట్టాడు. ఎర్రరంగు దొరకడం లేదేమో అనుకుంది మా అమ్మ. దొరక్కపోవడమేమిటి, కాచేది తనే కదా!

రిటైర్మెంటుకు రెండు నెలలుందనగా ఆయన చేతికి ఒక పుస్తకం వచ్చింది. అట్ట లేదు, కుట్టు ఊడిపోయింది, కాగితాలన్నీ కలగాపులగమయ్యాయి. పైగా పేజీ అంకెలున్న మూలల్ని పురుగులు శుభ్రంగా తినేశాయి. అంకెలు లేకపోతే బైండరుకు ఒకటే దారి. చదవాలి. ఈ పేజీ చివరి మాట ఏ పేజీ మొదటి మాటతో అతుకుతుందో చూసుకుంటూ పేర్చాలి. అలా ముప్ఫై నాలుగేళ్ళ నౌకరీలో మొదటిసారి మా మావయ్య ఒక పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. అది తోటల్లో కనిపించే పిట్టల గురించిన పుస్తకం.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. టీ ఇస్తే తాగలేదు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, తన వంకర చేతిరాతలో ఎత్తి రాసుకున్నది నాకు చదివి వినిపించాడు. "నల్లంచి వలస పోదు. పిల్లల్ని పెంచే కాలం ముగిశాక పాట మానేస్తుంది. ఆ రోజుల్లోనే పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుగుతుంది. అంతవరకూ పొదల చాటున ఉంటుంది కనుక, ఎక్కడికో వెళ్ళిపోయిందని చాలామంది పొరబడతారు."

నాకు వెంటనే ఆ ఎర్రచుక్క గుర్తొచ్చింది.

"రంగు పోలేదే. ఈకే పోయింది" అన్నాడు మావయ్య. "నేను రంగు గురించే ఆలోచించాను. పుస్తకం అంచు ఒకసారి కోస్తే కోసినట్టే, మళ్ళీ మొలవదు కదా. రెక్క కూడా అంతేననుకున్నాను." కాగితం మళ్ళీ మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి, "మేడంకి చెప్పాలి. పందెం ఆవిడ గెలిచింది" అన్నాడు.

ఇంకా పందెమే! "వెళ్ళి చెప్పు మరి" అన్నాను.

"నువ్వు కూడా రా. నువ్వు రాకపోతే నేను సగం దారిలో దిగి వెనక్కొచ్చేస్తాను." ఆ మాట మాత్రం నేను పూర్తిగా నమ్మాను.

లైబ్రరీలో ఆవిడ అడ్రసు కనుక్కుని, ఆదివారం పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి ఆ ఊరు చేరాం. మేడ మీది వాటాలో ఉంటోంది ఆవిడ. తలుపు తీసింది. జుట్టు సగం నెరిసింది, అదే నిటారు మనిషి. "బైండరు గారా!" అని గుమ్మానికి ఆనుకుంది.

మావయ్య కూర్చోమంటే కూర్చోలేదు. కోర్టులో సాక్షిలా నిలబడి, ఏ పుస్తకంలోదో చెప్పి, కాగితం చివరిదాకా చదివాడు. "మీరే గెలిచారు మేడం. అది అదే పిట్ట. ఎక్కడికీ పోలేదు. తప్పు నాది" అన్నాడు.

ఆవిడ ఆ కాగితం అందుకుని మడతపెట్టింది. "తెలుసండీ" అంది.

"ఏం తెలుసు?"

"ఈకలు రాలతాయని. ఆ పుస్తకం నా రీడింగ్ హాల్లోదే కదా. గుర్తు పెట్టమన్న రోజు నాకు తెలియదు. చుక్క లేదని మీరు చెప్పేనాటికి చదివేశాను."

మావయ్య కుర్చీలో కూలబడ్డాడు. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట చెప్పుంటే మీరు ఉండిపోయేవారు కదా!"

"ఉండిపోయేదాన్ని. పిట్ట కోసం" అంది ఆవిడ. "నేను అడిగింది పిట్ట గురించి కాదండీ. చుక్క లేకపోతే లేకపోయింది, మీరుండండి అంటారేమోనని చూశాను. ఇరవై ఆరో తారీఖు చూశాను, బస్టాండులోనూ చూశాను."

నేను లేచి వసారాలోకి వెళ్ళిపోయాను. అక్కడ ఉండటం నాకు సిగ్గనిపించింది. అయినా చెవులు ఊరుకుంటాయా? లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత మావయ్య గొంతు వినిపించింది. "ఇప్పుడు మిమ్మల్ని ఉండమనడానికి లేదు. మీరు ఉన్నది ఇక్కడే. నేనే వచ్చి ఉంటే... మీకు ఇబ్బందా?"

"ఇంత అడగడానికి పదకొండేళ్ళు పట్టింది మీకు. నన్ను ఒక్క పూటలో చెప్పమంటే ఎలా? వచ్చే ఆదివారం రండి."

"తప్పకుండా వస్తాను. బైండు చేయాల్సినవి ఏమైనా ఉంటే..."

"ఏమీ లేవు. మీరొక్కరే రండి."

తర్వాతి ఆదివారం మావయ్య ఒక్కడే వెళ్ళాడు, సగం దారిలో దిగకుండా. సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో ఫోను మోగింది. మేడం గొంతు.

"మీ మావయ్యకు చివరి బస్సు తప్పిపోయిందమ్మా. కింద ఇంటివాళ్ళు పడుకోవడానికి గది ఇచ్చారు. రేపు పంపిస్తాను, మీ అమ్మకు చెప్పు, కంగారు పడుతుంది."

"సరే మేడం" అన్నాను.

"మేడం ఏంటే? అత్తయ్యా అను" అంది.

వాళ్ళకు కలిసి బతకడానికి దక్కినవి ఆరేళ్ళే. ఆ సాయంత్రం నాకది తెలియదు కాబట్టి, ఫోను పట్టుకుని ఏడుస్తూనే అత్తయ్యా అని పిలిచాను. ఆవిడ ఇంకోసారి పిలవమంది.